అర్థమయ్యాకే సంతకం

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నేను క్షేమం అని రాస్తే నువ్వు ఉత్తరం అక్కడే మడిచి పక్కన పెడతావు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: డాక్టరమ్మ కోసి తీసేసింది పోగా మిగిలిన అక్క క్షేమం. మీ బావ పూర్తిగా క్షేమం. నువ్వూ, మరదలూ, బుజ్జిదీ ఎలా ఉన్నారో నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు గాని, ఎనిమిది పేజీలు రాసే ఓపిక ఉందంటే బాగానే ఉన్నారనుకున్నాను.

ఫోన్ మధ్యలో పెట్టేశానని నొచ్చుకున్నావు. పెట్టేశాను, నిజమే. నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది, అది నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. ముప్పై ఏళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్ది బతికినదాన్ని, నా ధైర్యమంతా కాగితం మీదే. ఆ మాట ఈ ఉత్తరం చివర్లో ఉంది. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు చెబుతాను. వరసగా చదువు, పేజీలు దాటెయ్యకు.

తింటున్నావా అన్నావు. తింటున్నాను. మందు ఎక్కించిన మొదటి నాలుగు రోజులు నోట్లో ఇనపముక్క పెట్టుకున్నట్టుంటుంది. ఐదో రోజు నుంచి జావ, గుడ్డు, మెత్తగా ఉడికిన కూరగాయలు. మీ బావ పొద్దునా సాయంత్రం థర్మామీటరు పట్టుకుని నా చుట్టూ తిరుగుతున్నారు. మందు వల్ల ఒంట్లో తెల్లకణాలు తగ్గిపోతాయి, అప్పుడొచ్చే జ్వరం చిన్నదైనా చిన్నది కాదు, వెంటనే రమ్మన్నారు. "నూరు దాటిందంటే చీర మార్చుకోనివ్వను, అలాగే తీసుకుపోతాను" అంటారు ఈయన. బస్సు నడిపినన్నాళ్లూ ఇంజను వేడి చూసుకున్నారు, ఇప్పుడు నా వేడి చూస్తున్నారు.

జుట్టు రెండో విడతకే ఊడింది. "విషం ఎక్కిస్తున్నారక్కా, జుట్టు ఊడటమే సాక్ష్యం" అని రాశావు. విషమేరా. డాక్టరమ్మ ఆ మాట దాచలేదు. కణితిని కోసి తీసేసినా, కంటికి కనబడని కణాలు ఎక్కడో నక్కి ఉండొచ్చు. వాటికోసమే ఈ మందు. వేగంగా చీలే కణాలను వెతికి చంపుతుంది. జుట్టు కుదుళ్లలో కణాలూ, నోటి లోపలి పొరలో కణాలూ వేగంగానే చీలుతాయి కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. జుట్టు మళ్లీ వస్తుంది, నోరు మళ్లీ బాగుపడుతుంది. కణితి మళ్లీ రాకూడదు. ఈ వైద్యం నిలబడింది ఆ తేడా మీదే.

అసలు ఇది ఒంట్లో ఎలా మొదలవుతుందని నేనూ అడిగాను. "కణం రెండుగా చీలేటప్పుడు లోపలున్న రాతంతా నకలు తీసుకోవాలండీ. అందులో అచ్చుతప్పులు పడతాయి. చాలావరకు శరీరమే దిద్దుకుంటుంది. కొన్ని తప్పించుకుంటాయి" అంది, నా పని తెలిసి.

"అచ్చుతప్పు తనంతట తాను వేల ప్రతులు వేసుకోదు కదా డాక్టరమ్మా?"

"ఇది వేసుకుంటుంది. అదే దీని జబ్బు" అంది.

ఇక నువ్వు రాసిన పెద్ద నింద. "చదవనివ్వకుండా సంతకం పెట్టించుకుని నిన్ను ప్రయోగాల్లోకి లాగారు." ఎవరితో మాట్లాడుతున్నావురా? కంపోజర్లందరూ కలిసి ఒత్తులమ్మ అని పేరు పెట్టింది ఎవరికి?

పన్నెండు పేజీల ఒప్పుకోలు పత్రం అది. సంచీలో ఎర్రపెన్ను ఎప్పుడూ ఉంటుంది కదా, తీసి మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే వైద్యాన్ని 'వైధ్యం' చేశారు. మూడో పేజీలో దుష్ఫలితాలకు ఫకారం పోయింది. చివరి పేజీలో, సంతకం పెట్టే గీతకు సరిగ్గా పైన, 'పై విషయమంతా నాకు పూర్తిగా అర్ధమైనది' అని ఉంది.

"ఇక్కడ నేను సంతకం పెట్టలేను డాక్టరమ్మా."

"భయమేస్తోందా అమ్మా?"

"భయం సంగతి తర్వాత చూద్దాం. థ రాయాల్సిన చోట ధ రాశారు. అర్ధం అంటే సగం. నాకు పూర్తిగా సగమైందని సంతకం పెట్టమంటారా?"

ఆ పిల్ల కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి పకపకా నవ్వింది. "రెండొందల మంది సంతకాలు పెట్టారండీ దీనిమీద. ఒక్కరూ చెప్పలేదు!"

"వాళ్లకీ సగమే అయ్యుంటుంది" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "మీరన్నది నిజమే" అంది. తలుపు దగ్గరగా వేసి, కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చుంది.

ఐదో పేజీలో 'యాదృచ్ఛికీకరణ' అని ఒక మాట ఉంది. ఇంతకాలం అచ్చు పనిలో ఉండి నేనే అలాంటి మాట చూడలేదు. చదివేవాళ్ల నోరు తిరగని మాట పెడితే ఎలా అని దెబ్బలాడాను. అదేమిటో ఆవిడ నోటితో చెబితే ఇంతే: ఒక వంతు మందికి ఇప్పుడు అందరికీ ఇచ్చే మందే ఇస్తారు. రెండో వంతుకు దానితోపాటు కొత్త మాత్ర ఇస్తారు. ఎవరు ఏ వంతులో పడాలన్నది చీటీ తీసినట్టు కంప్యూటరు తేలుస్తుంది. రోగి ఎంచుకోకూడదు, డాక్టరూ ఎంచుకోకూడదు. "ఆ మాటలే రాయొచ్చు కదమ్మా!" అన్నాను. పత్రం ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు కూర్చుని నలభై ఒక్క చోట్ల దిద్దాను. పత్రంలో అక్షరం మార్చాలన్నా ఆసుపత్రిలో ఒక కమిటీ ఒప్పుకోవాలట. ఒప్పుకుంది. తొమ్మిది రోజుల తర్వాత కొత్త పత్రం వచ్చింది. దానిమీదే సంతకం పెట్టాను. ఇప్పుడు చెప్పు, ఎవరు ఎవరిని లాగారో.

"తీరా చూస్తే నీకు పాత మందే పడింది, ఇంకా అక్కడ ఎందుకు?" అన్నావు. సంతకం చేశాక కూడా ఎప్పుడంటే అప్పుడు మానుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అయినా నేను బయటికి రాను. నువ్వు క్రేన్ నడిపేవాడివి కాబట్టి నీ పనిలోదే అడుగుతాను. కొత్త ఉక్కు తాడు వచ్చిందనుకో. అమ్మినవాడి మాట నమ్మి మనుషుల నెత్తిమీదుగా సరుకు లేపుతావా? ముందు బరువు వేసి చూస్తావు. రోజూ వాడే తాడు ఎంత మోస్తుందో దానితో పోల్చి చూస్తావు. ఆ రోజూ వాడే తాడు నేను. నేను లేకపోతే కొత్తది గట్టిదో కాదో నీకెలా తెలుస్తుంది?

"కొత్తది మంచిదని తెలిసీ మాకు ఇవ్వట్లేదా?" అని నేనూ సూటిగానే అడిగాను. "మంచిదని తెలిస్తే ఈ పరీక్షే ఉండదండీ, అందరికీ ఇచ్చేస్తాం. ఎంతో ఆశపడ్డ మందులు కొన్ని ఉపయోగపడకపోగా చెడు చేసిన సందర్భాలున్నాయి. తెలీదు కాబట్టే చూస్తున్నాం" అంది. ఎంచుకునే పని డాక్టరు చేతికిస్తే ఏమవుతుందని అడిగితే, "నాకు నచ్చినవాళ్లకి, కాస్త గట్టిగా కనబడేవాళ్లకి కొత్తది ఇచ్చేస్తాను. తర్వాత వాళ్లు బాగుంటే అది మందు గొప్పో, వాళ్ల ఒంటి గొప్పో చెప్పలేను" అంది. 'తెలీదు' అని అంత నిబ్బరంగా చెప్పిన మనిషిని నేను నమ్ముతాను తమ్ముడూ. అంతా తెలుసన్నవాణ్ణి ఒకసారి నమ్మాను.

ఇక అసలు మాటకు వస్తున్నాను.

నీ ఉత్తరంలో ఒక రంగుల కరపత్రం మడిచి పంపావు. "ఆసుపత్రివాళ్లు అమ్మను మూడు విడతలకే వదిలేశారు, నిన్నూ అలాగే వదిలేస్తారు. పన్నెండో తారీఖున ఈ పొడి పట్టుకుని వస్తున్నాను" అని రాశావు. ఆ కాగితం విప్పి చూశాను. పొడి పేరు మారలేదు. ఇరవై రెండేళ్ల కిందట ఆ కరపత్రం చవక కాగితం మీద నల్లసిరాతో ఒకవైపే అచ్చయింది. అడుగున 'మా పొడితో క్యాన్సర్ నయమైనవారు' అని పన్నెండు పేర్లుండేవి. ఇప్పుడు రంగులొచ్చాయి, నలభై పేర్లొచ్చాయి. నాకెలా తెలుసంటావా? దాని ప్రూఫు దిద్దింది నేను.

అమ్మకు మూడో విడత అయిన వారం అది. నువ్వు ఓడరేవులో శిక్షణకు వెళ్లి రెండు నెలలైంది. రోజుకు నూటయాభై చొక్కా కాజాలు కుట్టిన అమ్మ చెయ్యి మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయేది. వాంతులు ఆపే మందులు అప్పుడు ఇప్పుడున్నంత మంచివి కావు. "ఇక చాలు తల్లీ, నన్నిలా వదిలెయ్యి" అనేది. ఆ వారమే పొడి వ్యాపారి మా ప్రెస్సుకు వచ్చాడు. రెండో ప్రూఫు నా బల్లమీద ఉండగా ఏడో పేరు మీద వేలు పెట్టాడు.

"ఈవిడ పేరు తీసెయ్యమ్మా. ఇంకో పేరు చెబుతాను, అది వెయ్యి."

"ఎందుకండీ?"

"మొన్న పోయింది. పోయినావిడ పేరుంటే బాగుండదు కదా."

నేను ఆ పేరు కొట్టేశాను. ఎర్రసిరాతో, ఈ చేత్తోనే. పక్కన కొత్త పేరు రాశాను. దానిలో అచ్చుతప్పు పడకుండా జాగ్రత్త కూడా తీసుకున్నాను. ఆ కరపత్రమే, అచ్చయ్యాక, ఇంటికి తెచ్చి అమ్మ చేతికిచ్చాను.

ఎందుకిచ్చావని అడుగుతావు. ఒకావిడ పోతేనేం, పదకొండుమంది ఉన్నారు కదా అనుకున్నాను. అమ్మ అవస్థ చూడలేక అలా అనుకోవాలనిపించింది. "ఇది నువ్వు దిద్దిన కాగితమేనా?" అని అడిగింది అమ్మ. అవునన్నాను. "నీ చెయ్యి పడిందంటే తప్పుండదులే" అంది. అంతే, ఆసుపత్రికి మళ్లీ వెళ్లలేదు. రెండు పూటలా తేనెలో కలిపి నేనే నాకించాను. వాంతులు ఆగాయి. మందు ఆగింది కాబట్టి ఆగాయి, మేమేమో పొడి పనిచేస్తోందని సంబరపడ్డాం. రెండు నెలలు అమ్మ మొహం తేటగా ఉంది. ఏడో నెలకు జబ్బు వెన్నులోకి పాకింది.

ఈలోగా ఆసుపత్రి నుంచి మూడు కార్డులొచ్చాయి. మీరు రావడం లేదు, దయచేసి రండి, ఇబ్బంది ఏమైనా ఉంటే చెప్పండి అని. నేను ఒక్కదానికీ జవాబు రాయలేదు. నువ్వు వచ్చి ఎందుకు మానేశారని నిలదీసినప్పుడు "లాభం లేదని వాళ్లే పంపేశారు" అన్నాను. నేను చెప్పిన ఆ ఒక్క అబద్ధం మీద నువ్వు ఇరవై రెండేళ్లు ఆసుపత్రుల మీద పగబట్టావు. బుజ్జిదానికి టీకాలు వేయించనని మరదలితో దెబ్బలాడావు. ఇప్పుడు నన్ను కాపాడుకోవాలని అదే పొడి వెతికి తెస్తున్నావు.

ఆరు విడతలూ పూర్తయి ఉంటే అమ్మ బతికేదా అని డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేనమ్మా. అవకాశం మాత్రం ఉండేది" అంది. ఆ అవకాశాన్ని కొట్టేసింది నేను.

ఇన్నాళ్లకు ఇదెందుకు బయటపడిందంటే, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా అని ఆవిడ అడిగింది. అమ్మకు అన్నాను. అదే ఆసుపత్రి కావడంతో రికార్డుల గదిలో వెతికించింది. పాత ఫైలు దొరికింది. చివరి పేజీలో చేత్తో రాసి ఉంది: 'మూడవ విడత తరువాత రాలేదు. మూడు కార్డులు వ్రాయబడినవి. జవాబు లేదు. కారణం తెలియదు.' కారణం తెలిసిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే కదా! ఇప్పుడు నువ్వూ ఉన్నావు.

తల్లికీ కూతురికీ వచ్చింది కాబట్టి ఇది పుట్టుకతో వచ్చే తప్పేమో చూడటానికి నాకు రక్తపరీక్ష చేయించారు. ఫలితం రావాలి. అదే అయితే నువ్వూ చేయించుకోవాల్సి ఉంటుంది. మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ రావడం అరుదే గాని, తప్పును పిల్లలకు అందించడంలో ఆడా మగా తేడా లేదట. బుజ్జిది పెద్దయ్యాక దానికి నిజం అవసరమవుతుంది. అబద్ధం మీద దాన్ని పెరగనివ్వను.

సంతకం పెట్టే రోజున డాక్టరమ్మ "ఇంకేమైనా సందేహాలున్నాయా?" అంది. ఒకటే అడిగాను.

"నేను మధ్యలో పోతే నా పేరు కొట్టేస్తారా?"

"లేదండీ. మధ్యలో మానేసినా, పోయినా, మొదట ఏ వంతులో ఉన్నారో ఆ లెక్కలోనే ఉంటారు. బాగుపడినవాళ్లనే లెక్కపెడితే ఏ మందైనా గొప్పదే అవుతుంది."

"అయితే పెన్నివ్వండి" అన్నాను.

ఇదంతా మొన్న మీ బావకు చెప్పాను. పెళ్లైన ఇన్నేళ్లలో మొదటిసారి. "ముందు మీ తమ్ముడికి రాయి" అన్నారు. రాస్తానన్నాను. "రాసేముందు ఒక చోటికి వెళ్లాలి, వస్తారా?" అన్నాను. మందు ఎక్కించి మూడో వారం కాబట్టి తెల్లకణాలు కోలుకున్నాయని రక్తపరీక్షలో వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని, నువ్వు పంపిన కరపత్రం పట్టుకుని, దానిమీద ఉన్న చిరునామాకే మీ బావతో వెళ్లాను.

ఆ వ్యాపారి పోయాడు. కొడుకు కూర్చున్నాడు. ముందుగదిలో బల్లలమీద పదిహేనుమంది దాకా ఉన్నారు, ఒళ్లో ఎక్స్‌రే కవర్లతో. నా వంతు వచ్చాక నిలబడే అడిగాను.

"నలభైమందికి నయమైందని వేశారు బాబూ. ఇంతవరకు ఈ పొడి తిన్నవాళ్లు ఎంతమంది ఉంటారు?"

"వేలల్లో ఉన్నారమ్మా!" అన్నాడు గర్వంగా.

"వేలమందిలో నలభైమందేనా?"

అతను నవ్వాడు. "మిగతావాళ్లూ బాగున్నారమ్మా. బాగోకపోతే వచ్చి అడగరూ?"

"పోయినవాళ్లు ఎలా వచ్చి అడుగుతారు?"

"ఎవరు మీరు? ఏ ఆసుపత్రి పంపింది మిమ్మల్ని?"

తలకు కట్టుకున్న గుడ్డ విప్పాను. నున్నటి గుండు. "ఎవరూ పంపలేదు. మీ నాన్నగారి కరపత్రానికి ప్రూఫు దిద్దినదాన్ని. చచ్చిపోయిన మనిషి పేరు తీసి ఇంకో పేరు వేయించారు నాచేత. అది తెలిసీ మా అమ్మకు ఈ పొడి తినిపించాను. మా అమ్మ ఈ నలభైమందిలో లేదు. ఎక్కడ రాసుకున్నారో చూపించండి."

చూపించడానికి అతని దగ్గర ఏముంది? మనిషిని పిలిచి నన్ను వీధిలోకి పంపించాడు. బల్లలమీద వాళ్లలో చాలామంది తలలు దించుకుని అక్కడే ఉండిపోయారు. వాళ్లను నేనేమీ అనను. వాళ్లలాగే నేనూ ఒకప్పుడు ఆశపడ్డాను. ఒకావిడ మాత్రం భర్త ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని నా వెనకే వచ్చింది. "మీరు చూపించుకునే ఆసుపత్రికి ఏ బస్సెక్కాలమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే మీ బావ అందుకున్నారు. ఏ నంబరు, ఎక్కడ దిగాలి, దిగాక ఎటు తిరగాలి, పొద్దున ఏ బస్సైతే సీటు దొరుకుతుంది, అన్నీ చెప్పి, ఆవిడ చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నారు.

నేను బతుకుతానని నీకు మాట ఇవ్వలేను. డాక్టరమ్మే ఇవ్వలేదు. కాని మధ్యలో లేచి మాత్రం రాను. వాంతి చేసుకుంటూనైనా ఆరు విడతలూ పూర్తిచేస్తాను. నాకు కొత్త మందు పడకపోయినా, నా తర్వాత వచ్చే ఆడవాళ్లకు ఏది ఇవ్వాలో నా పేరు చూసి కూడా తేలుస్తారు. ఆ పేరు ఎవరి చేతా కొట్టించను, నీ చేత కూడా.

పన్నెండో తారీఖున వస్తానన్నావు కదా, రా. పొడి మాత్రం తేకు. ఆ రోజు బుధవారం, నాకు నాలుగో విడత. పొద్దున ఎనిమిదింటికి సూది గుచ్చితే మధ్యాహ్నం దాకా ఆ కుర్చీలోంచి కదలడానికి వీల్లేదు. రెండో అంతస్తు, ఎడమవైపు నుంచి మూడో కుర్చీ. పక్కన ఒక స్టూలు ఉంటుంది. ఇరవై రెండేళ్ల కోపం ఉంటుంది నీకు, నాలుగు గంటలు సరిపోతాయో లేదో తెలియదు గాని, నువ్వు ఎంతసేపు తిట్టినా నేను లేచి వెళ్లలేను.

ఇట్లు,
నువ్వేమన్నా పడే, వెనక్కి మాత్రం తగ్గని
మీ అక్క